తేమ మిషన్ చెప్పేలోపే

యాసంగి కోతలయ్యాక మెదక్ జిల్లా పాపన్నపేట చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా రోడ్డు పక్కన వడ్ల కుప్పలే కనబడతాయి. ఘనపురం ఆనకట్ట దగ్గర మళ్లి మహబూబ్ నహర్, ఫతే నహర్ కాలువల్లో పారే మంజీర నీళ్లకు పండే పంట ఇది. కొనుగోలు కేంద్రంలో మహిళా సంఘం తరఫున కూర్చున్నామె గుప్పెడు వడ్లు తీసి తేమ మిషన్‌లో పోస్తుంది. రైతు మెడ చాచి చూస్తుంటాడు.

"ఎంతొచ్చిందక్కా?"

"పద్దెనిమిదిన్నర. ఇంకో ఎండ పడాలె."

తేమ 17 శాతం లోపుంటే కాంటాకు, దాటితే మళ్లీ ఎండకు. కేంద్రంలో జరిగే పనంతా ఈ ఒక్క ప్రశ్న దగ్గర రెండుగా చీలుతుంది. కంప్యూటర్ ప్రోగ్రాముల నిండా ఇలాంటి ప్రశ్నలే. 'ఈ మాట నిజమైతే ఇటు పో, కాకుంటే అటు పో' అని చెప్పే ఆదేశాన్ని బ్రాంచ్ అంటారు. మామూలు ప్రోగ్రాముల్లో దాదాపు ప్రతి ఐదారు ఆదేశాలకూ ఒకటి బ్రాంచే. మీరు ఫోన్ తెర మీద వేలు జరిపిన ఆ కాసేపట్లోనే దానిలోని ప్రాసెసర్ లక్షల చీలికలు దాటిపోతుంది. విశేషమేమిటంటే, వాటిలో చాలావాటి దగ్గర ప్రశ్నకు జవాబు వచ్చేదాకా అది ఆగదు. జవాబు ఏమై ఉంటుందో ముందే అంచనా కట్టి నడిచేస్తుంది. ఆ అంచనా వందకు తొంభైకి పైగా సరిపోతుంది, మంచి ప్రోగ్రామైతే తొంభైతొమ్మిది సార్లు కూడా. ఈ యంత్రం అంత బాగా ఊహించడం ఎలా నేర్చుకుంది?

ముందు, అసలు ఊహించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం.

నిజానికి కేంద్రంలో తేమ కుప్పకోసారి చూస్తారు. మన ఉదాహరణ కోసం బస్తాకోసారి చూస్తారని అనుకుందాం. బస్తా ఎత్తేవాళ్లు ఒకరు, కాంటా మీద సర్దేవాళ్లు ఒకరు, బరువు చూసేవాళ్లు ఒకరు, మూతి కుట్టేవాళ్లు ఒకరు, లారీకెక్కించేవాళ్లు ఒకరు. ఒక బస్తా లారీకెక్కేసరికి దాని వెనక నాలుగు బస్తాలు నాలుగు చోట్ల ఉంటాయి. ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. ప్రాసెసర్‌లో దీన్నే పైప్‌లైన్ అంటారు. ఆదేశాన్ని తేవడం, దాని అర్థం విప్పడం, కావలసిన అంకెలు సేకరించడం, లెక్క కట్టడం, ఫలితం రాయడం ఒకదాని వెనక ఒకటి సాగుతుంటాయి. ఇంటెల్ 2000లో తెచ్చిన పెంటియమ్ 4లో ఈ మెట్లు 20. 2004లో వచ్చిన దాని తర్వాతి రూపంలో 31.

ఇప్పుడు తేమ మిషన్ అంకె చూపించడానికి కాస్త ఆలస్యం చేస్తుందనుకోండి. ఆ అంకె వచ్చేదాకా హమాలీ బస్తా మీద చెయ్యి వేయకుండా నిలబడితే వెనకున్న వరుసంతా నిలబడిపోతుంది. ప్రాసెసర్‌లోనైతే ఆ జవాబుకు కావలసిన అంకె ఒక్కోసారి ప్రధాన మెమరీ నుంచి రావాలి, దానికి వందల క్లాక్ సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారపు టిక్కులు, పడతాయి. అందుకే అనుభవమున్న హమాలీ ఆగడు. 'పొద్దున్నుంచి ఈ రైతు వడ్లన్నీ ఎండే వచ్చినయి, ఇదీ ఎండిందే' అనుకుని బస్తా ఎత్తేస్తాడు. కాంటా మీద పెట్టేస్తారు, మూతి కుట్టడం మొదలుపెడతారు. కానీ ఒక నియమం ఉంది. తేమ అంకె చేతికొచ్చేదాకా రశీదు మీద రాయరు. అంచనా తప్పితే కుట్టు విప్పి, బస్తా దించి, వెనకాల ఎత్తినవన్నీ కూడా దించి, మళ్లీ మొదలు. ఆ శ్రమంతా వృథా. ఈ కాలపు ప్రాసెసర్‌లో ఒక్కో తప్పుకు సుమారు 15 నుంచి 20 సైకిళ్లు పోతాయి. ఒక్కో సైకిల్‌లో నాలుగైదు ఆదేశాలు నడపగల యంత్రానికి అది డెబ్భై ఎనభై ఆదేశాల నష్టం.

రెండు దారుల్లోనూ పోతే సరిపోదా అని తెలివైన విద్యార్థి అడుగుతాడు. పాపన్నపేట మండలంలోనే ఏడుపాయల ఉంది కదా, వనదుర్గమ్మ గుడి దగ్గర మంజీర ఏడు పాయలుగా చీలి అన్నింటిలోనూ పారుతుంది. నీళ్లకు ఆ సౌకర్యం ఉంది. ప్రాసెసర్‌కు లేదు. ఒక చీలిక దగ్గర రెండు దారులు, రెండో చీలికకు నాలుగు, పదో చీలికకు 1,024. 1,023 దారుల్లో చేసిన పని చివరికి పారేయాల్సిందే, ఎందుకంటే వాటిలో నిజమైనది ఒక్కటే. కాబట్టి ఒక్క పాయనే ఎంచుకోవాలి, సరైనదాన్నే ఎంచుకోవాలి.

ఎంత సరిగ్గా? ఇక్కడ చిన్న లెక్క చేద్దాం, ఈ రంగంలో మనుషులు అర శాతం కోసం ఎందుకు ఏళ్లకేళ్లు తపిస్తారో దీనితో తెలుస్తుంది. 2021లో వచ్చిన ఇంటెల్ ప్రాసెసర్ల పెద్ద కోర్‌లో ఒకేసారి 512 ఆదేశాలు నడుమ దశల్లో ఉండగలవు. ఆరింటికి ఒకటి బ్రాంచ్ అనుకుంటే సుమారు 80 చీలికలు వరసగా ఊహించి ముందుకు పోయినట్టు. ఒక్కో అంచనా 95 శాతం నమ్మకమైనదైతే 80 కీ 80 సరిపోయే అవకాశం రెండు శాతం కూడా ఉండదు. అదే 99 శాతమైతే సుమారు 45 శాతం. 95 మార్కులకూ 99 మార్కులకూ పరీక్షల్లో పెద్ద తేడా లేకపోవచ్చు, ఇక్కడ మాత్రం ఆ నాలుగే సర్వస్వం. అందుకే ఈ విద్యలో ఒప్పులు లెక్కపెట్టరు, తప్పులు లెక్కపెడతారు.

తొలి ప్రయత్నాలు చాలా సాదాగా ఉండేవి. 1961లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు చేరిన ఐబీఎం స్ట్రెచ్ యంత్రం, జవాబు ముందే తెలియని చీలికల దగ్గర 'మలుపు తిరగం, నేరుగానే పోతాం' అనుకుని సాగేది. గతం చూసి భవిష్యత్తు ఊహించే పద్ధతులను వరసగా పెట్టి కొలిచిన పత్రం 1981లో జేమ్స్ ఈ. స్మిత్ రాశారు. ఆయన ఊహ వినడానికి ఎంత చిన్నదో, నిలబడటంలో అంత గట్టిది.

ప్రతి బ్రాంచ్‌కూ 0 నుంచి 3 దాకా లెక్కపెట్టే చిన్న గడి ఒకటి ఉంటుంది. 'ఇటు' అని వచ్చినప్పుడల్లా ఒకటి పెంచు, 'అటు' అని వస్తే ఒకటి తగ్గించు. 2, 3 ఉంటే 'ఇటు' అని ఊహించు, 0, 1 ఉంటే 'అటు' అని. అంతే. నిన్నటి జవాబునే గుర్తుపెట్టుకుంటే చాలదా, నాలుగు అంకెలెందుకు? మన హమాలీనే చూడండి. తొమ్మిది ఎండు బస్తాలు, ఒక తడి బస్తా, మళ్లీ తొమ్మిది ఎండువి, ఒక తడిది. నిన్నటి జవాబునే నమ్మేవాడు తడి బస్తా దగ్గర తప్పుతాడు, దాని తర్వాత వచ్చిన ఎండు బస్తాను కూడా తడిదనుకుని మళ్లీ తప్పుతాడు. పదికి రెండు తప్పులు. నాలుగు అంకెల గడి ఉన్నవాడు ఒక్క తడి బస్తాకే మనసు మార్చుకోడు. పదికి ఒక్క తప్పు. ప్రోగ్రాముల్లో ఒకే పనిని పదేపదే తిప్పి చేసే లూపుల ప్రవర్తన సరిగ్గా ఇదే. ఒక్క బిట్టు అదనంగా ఇచ్చినందుకు తప్పులు సగానికి పడిపోయాయి.

అయినా ఈ గడికి ఒక గుడ్డితనం ఉంది. మూడు ఎండు, ఒకటి తడి, మూడు ఎండు, ఒకటి తడి అని రోజంతా అదే వరసలో వస్తున్నా అది నాలుగింటికి ఒకటి తప్పుతూనే ఉంటుంది, ఎన్నటికీ నేర్చుకోదు. చిన్న పిల్లవాడు రెండు విడతలు చూసి పట్టేసే వరసను ఈ గడి పట్టలేదు. మొగ్గు ఎటుందో దానికి తెలుసు, వరస తెలియదు.

ఆ లోటును 1991లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సె-యు యే, యేల్ పాట్ తీర్చారు. వారి పద్ధతిలో రెండు అంచెలున్నాయి. మొదటిదానిలో గత కొన్ని జవాబుల వరస ఉంటుంది, ఎండు-ఎండు-ఎండు అనో ఎండు-తడి-ఎండు అనో. రెండోదానిలో ఒక్కో వరసకు ఒక్కో స్మిత్ గడి. ఎండు-ఎండు-ఎండు తర్వాత ఎప్పుడూ తడే వస్తోందని ఆ వరస తాలూకు గడి నేర్చేసుకుంటుంది, ఇక తప్పదు. అప్పటి పరీక్షా ప్రోగ్రాములు పదింటిలో తొమ్మిదింటి మీద ఈ పద్ధతి సగటున 97 శాతం సరిగ్గా చెప్పింది, మిగతా పద్ధతులు 93 దాటలేదు. తప్పుల వైపు నుంచి చూడండి. ఏడు కాస్తా మూడయ్యాయి.

గతమంటే ఒక బ్రాంచ్ తన గతాన్ని మాత్రమే చూసుకోవడం కాదని ఆ కాలంలోనే తేలింది. ఒక చీలిక ఇంకో చీలిక గుట్టు చెబుతుంది. బ్యాంకు ప్రోగ్రామ్ ఒకచోట 'ఖాతాలో డబ్బు సున్నానా?' అని అడిగి అవునని తెలుసుకుంది. నాలుగు ఆదేశాల తర్వాత 'డబ్బు వంద దాటిందా?' అని అడిగితే జవాబు వేరే చెప్పాలా? 'రాత్రి వాన పడిందా?' అన్న ప్రశ్నకు అవునని వస్తే ఇక ఆ పొద్దు వచ్చే సగం బస్తాల సంగతి ఊహించవచ్చు. అన్ని బ్రాంచ్‌ల జవాబులనూ వచ్చిన క్రమంలో ఒకే దండగా గుచ్చిపెట్టుకోవడాన్ని గ్లోబల్ హిస్టరీ అంటారు. 1993లో స్కాట్ మెక్‌ఫార్లింగ్ ఆ దండనూ బ్రాంచ్ చిరునామానూ కలగలిపి పట్టికలో వెతికే ఉపాయం చెప్పారు. అదే పత్రంలో, రెండు రకాల ప్రిడిక్టర్లను, అంటే ఊహించే విభాగాలను, పెట్టి ఏ బ్రాంచ్‌కు ఎవరి మాట వినాలో ఎంచే మూడో పట్టికనూ సూచించారు. ఆల్ఫా 21264 ప్రాసెసర్ ఆ దారినే నడిచింది.

ఇక్కడి నుంచి కథ నాకు చాలా ఇష్టమైన చోటికి వస్తుంది. ప్రశ్న ఇది: గతాన్ని ఎంత వెనక్కి చూడాలి?

పొట్టిగా చూస్తే దూరపు సంబంధాలు దొరకవు. పొడుగ్గా చూస్తే ఇంకో ముప్పు. గతం పదింటి వరసైతే 1,024 రకాలు, ఇరవైదైతే పది లక్షలకు పైనే. ప్రతి రకానికీ ఒక గడి కావాలి, ప్రతి గడీ విడిగా నేర్చుకోవాలి. అది నేర్చుకునేలోపు ప్రోగ్రామే ముగిసిపోతుంది. పట్టికను పెద్దది చేద్దామా అంటే, పెద్ద పట్టిక నెమ్మదిగా జవాబిస్తుంది. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఒక సైకిల్ అంటే నానో సెకనులో మూడో వంతు. ఆ వ్యవధిలో వెలుతురే పది సెంటీమీటర్లు పోతుంది. ఊహించడానికి ఎక్కువ సేపు పడితే ఊహించి లాభమేముంది?

2001లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ హిమెనెజ్, కాల్విన్ లిన్ పెర్సెప్ట్రాన్‌ను తెచ్చారు. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ 1950ల చివర్లో ఊహించిన అతి చిన్న కృత్రిమ నాడీకణం అది. గతంలోని ప్రతి జవాబుకూ ఒక బరువు ఇచ్చి, అన్నీ కూడి, మొత్తం ఎటు మొగ్గితే అటు చెబుతుంది. గతం పొడవు రెట్టింపైతే బరువులూ రెట్టింపవుతాయి, అంతకు మించి పెరగవు. ఏఎండీ 2017లో తెచ్చిన జెన్ ప్రాసెసర్లలో ఈ వంశపు ప్రిడిక్టరే ఉంది.

ఇంకో దారి 2006లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. రెన్ నగరంలో ఆంద్రే సెజ్నెక్, పియర్ మిషో చెప్పిన ఆ పద్ధతి పేరు టేజ్. దాన్ని మన కేంద్రంలోకి తెచ్చి చెబుతాను. హమాలీ మేస్త్రి దగ్గర ఒకటి కాదు, ఆరేడు నోటుబుక్కులున్నాయి. మొదటిదానిలో గతం ఊసే లేదు, ఫలానా రైతు వడ్లు మామూలుగా ఎండువా, తడివా అని మాత్రమే ఉంటుంది. రెండోదానిలో గత ఐదు బస్తాల వరసను బట్టి రాసుకున్నవి. మూడోదానిలో పది, నాలుగోదానిలో ఇరవై, ఆ తర్వాత నలభై, ఎనభై, నూట అరవై. పొడవు కూడికగా కాక గుణకంగా పెరుగుతోంది, గమనించారా? సంబంధాలు ఎక్కువగా దగ్గర్లోనే ఉంటాయి, దూరంలో అరుదుగా ఉంటాయి. అందుకని దగ్గరివాటికి సన్నటి జల్లెడ, దూరపువాటికి వెడల్పు అడుగులు. నాలుగైదు పుస్తకాలు చేర్చినంత మాత్రాన చూపు వందల బస్తాల వెనక్కి చేరుతుంది.

రెండో మెలకువ, ప్రతి పంక్తికీ పక్కన ఒక గుర్తు. అంతకుముందు పట్టికల్లో ఒకరి ఖాతాలో ఇంకొకరి లెక్క కలిసిపోయేది. ఇద్దరు రైతులకు ఒకే గడి తగిలితే ఒకరు నేర్పింది ఇంకొకరు చెరిపేవారు. ఇక్కడ గుర్తు సరిపోలితేనే ఆ పంక్తి మాట వింటారు. అన్ని పుస్తకాలూ ఒకేసారి తెరుస్తారు, గుర్తు సరిపోలినవాటిలో అతి పొడుగు గతమున్నదాని మాటే చెల్లుతుంది. మూడో మెలకువ నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. తప్పిన చోట మాత్రమే, ఇంకా పొడుగు గతమున్న పుస్తకంలో కొత్త పంక్తి తెరుస్తారు. సులువైన బ్రాంచ్‌లు మొదటి పుస్తకంలోనే బతికేస్తాయి, చోటు తినవు. కఠినమైనవే మెట్టు మెట్టు ఎక్కి తమకెంత గతం అవసరమో తామే వెతుక్కుంటాయి. పనికిరాని పంక్తులు కొన్నాళ్లకు చెరిగిపోతాయి.

ప్రిడిక్టర్లకు 2004 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అందరికీ ఒకే పరిమాణం మెమరీ, ఒకే ప్రోగ్రాముల జాడలు, తక్కువ తప్పులు చేసినవారిదే గెలుపు. 2014, 2016 పోటీల్లో సెజ్నెక్ టేజ్‌కే మరిన్ని చిన్న సహాయకులను జోడించి గెలిచారు. ఏఎండీ 2019లో జెన్ 2 ప్రాసెసర్లకు టేజ్‌ను తీసుకుంది.

ఇంతటితో పని అయిపోయిందా? లేదు. 2019లో ఇంటెల్ పరిశోధకులు చిట్-క్వాన్ లిన్, స్టీఫెన్ టార్సా, బ్రాంచ్ ప్రిడిక్షన్ ఇంకా తీరని సమస్యే అని పత్రం శీర్షికలోనే ప్రకటించారు. కొద్దిపాటి మొండి బ్రాంచ్‌లే మిగిలిన తప్పుల్లో పెద్ద వాటా మోస్తున్నాయి. ఎంత గతం చూసినా వాటి జవాబు గతంలో ఉండదు, వచ్చిపడే డేటాలో ఉంటుంది. కళ్లు మూసుకుని కుప్పలోంచి తీసిన గుప్పెడు వడ్ల తేమను ఎవరు ఊహించగలరు? అలాంటి చోట ఊహే మానేయాలన్నది ఒక ఆలోచన. అన్ని బస్తాలనూ తూచెయ్, అంకె వచ్చాక ఏ లెక్కలో రాయాలో ఎంచుకో. ఏ బ్రాంచ్‌లకు ఇది లాభమో ప్రాసెసరే కనిపెట్టి మార్చుకునే పద్ధతిని 2020లో బెంగళూరులోని ఇంటెల్ పరిశోధకులు, ఇజ్రాయెల్‌లోని తమ సహచరులతో కలిసి ప్రచురించారు. ఇంకో ఆలోచన అంతకు ముందే, 1998లో, శ్రీలత మన్నె, అర్తూర్ క్లౌజర్, డర్క్ గ్రున్‌వాల్డ్ చెప్పారు. అంచనా మీద నమ్మకం తక్కువగా ఉన్నప్పుడు వెనకాల బస్తాలు ఎత్తడం కాసేపు ఆపితే, దించే పనీ తప్పుతుంది, కరెంటూ మిగులుతుంది. ఫోన్ బ్యాటరీ మోసే ఈ రోజుల్లో ఆ మాట విలువ ఇంకా పెరిగింది.

ఊహించి నడవడంలో ఒక ప్రమాదం దాగి ఉందని లోకానికి 2018 జనవరిలో తెలిసింది. దాని పేరు స్పెక్టర్. తప్పు దారిలో చేసిన పనంతా రద్దవుతుంది, రశీదు మీద ఏమీ రాయరు, నిజమే. కానీ బస్తా ఎక్కి దిగినప్పుడు కాంటా కింద నాలుగు గింజలు రాలుతాయి. వాటిని చూసి ఏ రకం వడ్లో చెప్పేయవచ్చు. ప్రాసెసర్‌లో ఆ గింజలు క్యాష్ అనే చిన్న, వేగవంతమైన మెమరీలో మిగిలే జాడలు. దాడి చేసేవాడు ముందు వంద ఎండు బస్తాలు పంపి ప్రిడిక్టర్‌కు నమ్మకం కలిగిస్తాడు. తర్వాత ముట్టకూడని చోటికి దాన్ని తప్పుదారిలో నడిపించి, రద్దయిన పని వదిలిన జాడలను సమయం కొలిచి చదువుతాడు. జాన్ హార్న్, పాల్ కోషర్ వంటివారు దీన్ని బయటపెట్టాక దాదాపు ప్రతి పెద్ద కంపెనీ తన ప్రాసెసర్లను సరిచూసుకోవాల్సి వచ్చింది, కొంత వేగం వదులుకోవాల్సి వచ్చింది. నా దృష్టిలో ఇకమీదట మంచి ప్రిడిక్టర్ అంటే తక్కువ తప్పులు చేసేది మాత్రమే కాదు, ఒక ప్రోగ్రామ్ నేర్పిన దానితో ఇంకో ప్రోగ్రామ్‌ను మోసం చేయనివ్వనిది కూడా.

ఈ విద్య చిప్పులు చేసేవారికే పరిమితమని అనుకోకండి. ఉమ్మడి మెదక్ జిల్లా నేల మీదే, కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఉంది. కానీ నేను చెప్పబోయే ప్రయోగానికి ఐఐటీ అక్కర్లేదు, డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ చాలు. సీ భాషలో లక్ష అంకెల వరస తీసుకోండి, ఒక్కోటి 12 నుంచి 22 మధ్య ఇష్టమొచ్చినట్టు వచ్చేలా. అవి లక్ష బస్తాల తేమలు. 17 దాటనివాటిని మాత్రమే కూడే లూపు రాసి, దాన్ని వెయ్యిసార్లు నడిపి సమయం చూడండి. గజిబిజి వరసలో సుమారు సగం అంచనాలు తప్పుతాయి. ఒక్కో విడతకు దాదాపు 50 వేల తప్పులు, తప్పుకు 20 సైకిళ్ల చొప్పున పది లక్షల సైకిళ్లు. ఇప్పుడు అవే అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పేర్చి అదే లూపు నడపండి. ముందు ఎండు బస్తాలన్నీ, తర్వాత తడి బస్తాలన్నీ వస్తాయి. మారే చోట రెండు మూడు తప్పులు తప్ప ఏమీ ఉండవు. అంకెలవే, కూడికా అదే, సమయం మాత్రం వేరు. పేర్చడానికీ సమయం పడుతుంది కాబట్టి ఒక్కసారి చూసి వదిలేసే డేటాకు ఇది లాభం కాదు.

రెండు సమయాలూ ఒకేలా వస్తే నిరాశపడకండి, మీ కంపైలర్ ఆ బ్రాంచ్‌ను ముందే తీసేసి ఉంటుంది. దాని ఆప్టిమైజేషన్ ఆపేసి మళ్లీ నడపండి.